లాబ్రడారా, గోల్డెన్ రిట్రీవరా? విజయవాడ ఫ్లాటులో ఉండే ఒక కుటుంబానికి నా సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విజయవాడలో రెండో అంతస్తులో మూడు పడకగదుల ఫ్లాటు మీది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా మీరూ మీ వారూ ఉద్యోగాల్లో ఉంటారు. పగలంతా ఇంట్లో ఉండేది మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై రెండేళ్ళ మీ అత్తగారు. ఎనిమిదేళ్ళ మీ అమ్మాయి గోల్డెన్ రిట్రీవర్ కావాలని పట్టుబడుతోంది; బొచ్చు తక్కువ రాలుతుందనీ, ఇంటికి కాపలాగా కూడా ఉంటుందనీ మీ వారు లాబ్రడార్ వైపు మొగ్గుతున్నారు. మే నెలలో అమ్మాయి పుట్టినరోజుకు రెండు నెలల పిల్లను తేవాలని మీ ఆలోచన.

నా సమాధానం లాబ్రడార్. అయితే మీ వారు చెప్పిన కారణాల వల్ల కాదు, రెండు నెలల పిల్లా కాదు. రెండు మూడేళ్ళ వయసు వచ్చి, నెమ్మది నేర్చుకున్న, ఒళ్ళు తేలికగా ఉన్న ఆడ లాబ్రడార్‌ను తెచ్చుకోండి. ఇరవై రెండేళ్ళుగా కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తున్నాను. ఈ రెండు జాతులూ నా దగ్గరికి రాని వారం లేదు. ఆ అనుభవంతోనే ఈ మాట చెబుతున్నాను. మీ ఇంటి పరిస్థితి వేరుగా ఉంటే గోల్డెన్ అని చెప్పేవాడినేమో. అది ఎప్పుడో కూడా కింద రాస్తాను.

ముందుగా బొచ్చు సంగతి. లాబ్రడార్‌కు బొచ్చు పొట్టిగా ఉంటుందే తప్ప తక్కువగా ఉండదు. రెండు జాతులకూ ఉండేది రెండు పొరల బొచ్చే: పైన నీటిని జారవిడిచే గరుకు వెంట్రుకలు, వాటి కింద చలిని ఆపే మెత్తని నూగు. రెండూ ఏడాది పొడవునా రాలుస్తాయి, ఋతువు మారినప్పుడు మరీ ఎక్కువగా రాలుస్తాయి. లాబ్రడార్ వెంట్రుకలు సన్నని ముళ్ళలాగా సోఫా గుడ్డలో దిగబడి, చేత్తో ఒక్కొక్కటే లాగితే గాని రావు. గోల్డెన్ వెంట్రుకలు దూదిపింజల్లా ఉండలు కట్టి మంచాల కింద చేరతాయి, చీపురుకు అందుతాయి. ఊడ్చే పని రెండింటికీ ఒకటే అనుకోండి. మీరు ఆలోచించవలసింది రాలగా ఒంటిమీద మిగిలే బొచ్చు గురించి.

ఆ బొచ్చు ఏ వాతావరణానికి తయారైందో గుర్తుంచుకోవాలి. లాబ్రడార్ మూలం కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర వలలు లాగిన నీటి కుక్కలు. వాటిని పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండుకూ స్కాట్లండుకూ తెప్పించుకున్న మామ్స్‌బరీ, బక్లూ ప్రభు కుటుంబాలు జాతిగా నిలబెట్టాయి. కుక్కల జాతులను నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దానిని 1903లో గుర్తించింది. గోల్డెన్ పుట్టింది స్కాట్లండు కొండప్రాంతంలోని గిసాకన్ ఎస్టేటులో. అక్కడ ట్వీడ్‌మౌత్ ప్రభువు 1868లో పసుపుపచ్చని ఒక రిట్రీవర్‌ను ట్వీడ్ వాటర్ స్పానియల్ జాతి ఆడకుక్కతో కలిపి పుట్టించిన పిల్లల నుంచి ఈ జాతి వచ్చింది. రెండింటి పనీ ఒకటే: తుపాకీ దెబ్బకు పడిన పక్షిని గడ్డకట్టే నీళ్ళలోకి దూకి, నలగకుండా నోటితో పట్టి తేవడం. నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుని తిరగాలన్న తపనా, రోజంతా పరుగెత్తినా తరగని సత్తువా, మనిషి మాట కోసం ముఖంలోకి చూసే గుణమూ వాటికి ఆ పని నుంచే వచ్చాయి. ఆ కుక్కనే మనం ఇప్పుడు కృష్ణా ఒడ్డున, రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండల్లో ఉంచుతున్నాం.

కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడం ద్వారా, అంటే నోటిలోని తడి ఆవిరై పోవడం ద్వారానే అది ఒంటి వేడిని బయటికి పంపుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ తడి ఆవిరి కాదు, ఎంత వగర్చినా వేడి దిగదు. అందుకే ఉక్కపోత ఉండే మన ఊళ్ళో, ఉష్ణోగ్రత కాస్త తక్కువగా ఉన్న సాయంత్రాల్లో కూడా వడదెబ్బ కేసులు వస్తాయి. ఒక మే నెలలో ఐదేళ్ళ గోల్డెన్‌ను సాయంత్రం ఐదున్నరకు, ఎండ తగ్గిందని, ఇరవై నిమిషాలు నడిపించారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు తడబడ్డాయి. నా దగ్గరికి చేర్చేటప్పటికి థర్మామీటరులో 108 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది. కుక్కకు మామూలుగా ఉండవలసింది 101 నుంచి 102.5. చిగుళ్ళు ఇటుక రంగుకు తిరిగాయి. సెలైన్ ఎక్కించి, నీళ్ళు పోసి, రాత్రంతా కూర్చున్నా తెల్లవారుజామున పోయింది. ఆ ఇంటివాళ్ళు అజాగ్రత్తపరులు కారు, రోజూ చేసినట్టే ఆ రోజూ చేశారు. లాబ్రడార్ అయితే బతికేదని చెప్పలేను. వడదెబ్బ తగిలిన లాబ్రడార్లను కూడా నేను చూశాను. నల్ల లాబ్రడార్ ఎండలో నిలబడితే వేడిని మరింత లాక్కుంటుంది. కానీ ఛాతీ కింద, తొడల వెనక, తోక కింద కుచ్చులా వేలాడే బొచ్చు లేకపోవడం వల్ల, తడిపినప్పుడు నీళ్ళు చర్మానికి త్వరగా చేరతాయి, ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. ఈ ఊళ్ళో అది చిన్న సదుపాయం కాదు.

ఏ జాతిని తెచ్చినా మార్చి నుంచి జూన్ దాకా నడక తెల్లవారి ఆరు లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. అరచేతి వెనకభాగాన్ని రోడ్డుమీద పెట్టి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే, ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదు. వగర్పు ఆగకుండా, చొంగ చిక్కగా కారుతూ, తూలుతూ కనిపిస్తే ముందు ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టండి, ఆ తర్వాతే బండి ఎక్కించండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. మే నెలలో మేడమీద ట్యాంకు నీళ్ళు కాగిపోయి ఉంటాయి కాబట్టి నీడలో ఒక పెద్ద బకెట్ నిండా నీళ్ళు ఎప్పుడూ పట్టి ఉంచుకోవడం మంచిది.

వేసవి దాటితే వాన. గోల్డెన్ బొచ్చు తడిస్తే పైన ఆరినట్టే ఉంటుంది, వేళ్ళు లోపలికి పోనిస్తే చెమ్మ తగులుతుంది. ఒక ఆగస్టులో ఒక గోల్డెన్‌ను, వాసన వస్తోందని, తీసుకువచ్చారు. చెవి వెనక బొచ్చు అట్టకట్టి ఉంది. క్లిప్పర్‌తో తీస్తుంటే ఆ అట్ట చెప్పు అడుగులాగా ఒక్క ముక్కగా లేచింది. కింద అరచేయంత మేర చర్మం ఎర్రగా ఒలిచినట్టయి, రసి కారుతోంది. ఆ ఇంట్లో నెలకు రెండు స్నానాలు తప్పకుండా చేయించేవారు, ఆరబెట్టడం మాత్రం ఎండకు వదిలేసేవారు. గోల్డెన్ అంటే వారానికి కనీసం మూడు రోజులు, ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలు, చర్మం దాకా దువ్వెన దిగేలా దువ్వడం. స్నానం చేయిస్తే బ్లోయర్‌తో అడుగు పొర ఆరేదాకా ఆరబెట్టడం. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య దువ్వకపోతే పైపైన దువ్విన ఫలితం ఉండదు. ఎండలకు తాళలేదని నున్నగా గుండు గీయించడం కూడా పరిష్కారం కాదు. ఆ తర్వాత బొచ్చు సరిగా రాకపోవచ్చు, చర్మం ఎండకు కమిలిపోతుంది. పొట్ట కింద, పాదాల వేళ్ళ మధ్య కత్తిరిస్తే చాలు. పిడుదులను వెతకడం కూడా పొడవు బొచ్చులో కష్టమే. మన దగ్గర పిడుదు కాటుతో సోకే టిక్ ఫీవర్ కుక్కల ప్రాణాలు తీసే జబ్బు. లాబ్రడార్ చెవి వెనక చెయ్యి వేస్తే మినపగింజలా తగిలే పిడుదు, గోల్డెన్‌లో రక్తం తాగి ఉబ్బేదాకా దొరకదు. పిడుదుల మందు నెల తప్పకుండా రెండింటికీ వాడవలసిందే. రాత్రి తొమ్మిదింటికి వంటిల్లు సర్దుకుని, అమ్మాయి హోంవర్కు చూసి, ఆ తర్వాత దువ్వెన పట్టేది ఎవరు? ఈ ప్రశ్నకు మీ ఇంట్లో ఒక పేరు స్పష్టంగా రాకపోతే గోల్డెన్ ఆలోచన మానండి. ఎనిమిదేళ్ళ పాప పేరు చెప్పకండి, ఆ చేతులకు ఆ బలం చాలదు.

ఇప్పుడు మీ అత్తగారి విషయం. మీ ప్రశ్నలో ఆవిడ గురించి ఒక్క వాక్యమే ఉంది గాని, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. ఏ జాతి అన్న ప్రశ్న కన్నా ఏ వయసు అన్న ప్రశ్న ఆవిడ భద్రతను ఎక్కువగా నిర్ణయిస్తుంది. పగలు తొమ్మిది గంటలు ఆ కుక్కతో ఉండేది ఆవిడే. రెండు నెలల పిల్ల ముద్దుగా ఉంటుంది, మూడు గంటలకొకసారి మూత్రానికి తీసుకువెళ్ళాలి, నున్నటి టైల్స్ మీద అది పోసిన తడిని వెంటనే తుడవాలి. లేకపోతే జారేది మోకాళ్ళు పట్టు లేని మనిషే. ఎనిమిది, పది నెలలకు అదే పిల్ల పాతిక కిలోలు దాటుతుంది, బుద్ధి మాత్రం ఇంకా పిల్లబుద్ధే. కాలింగ్ బెల్ మోగగానే తలుపు వైపు ఉరికే ఆ బరువు వెనక నుంచి మోకాలికి తగిలితే పెద్దవాళ్ళు నిలబడలేరు. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబంలో పెద్దావిడ గొలుసును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని గేటు దాకా వెళ్ళారు. అవతల పిల్లి కనిపించి పది నెలల లాబ్రడార్ ఒక్క లాగు లాగింది. మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. కుక్కను ఇచ్చేయమని ఆవిడ అడగలేదు, కానీ కొడుకు, కోడలు భయపడి వేరే ఇంటికి పంపేశారు. ఆ కుక్క పది రోజులు సరిగా తినలేదు. ఇలా ఒక ఇల్లు కోల్పోయిన పది నెలల నుంచి మూడేళ్ళ వయసు కుక్కలు ఎన్నో ఉంటాయి. ఇల్లు మారేవాళ్ళు, విదేశాలకు వెళ్ళేవాళ్ళు, ఫ్లాటు ఓనరు ఒప్పుకోనివాళ్ళు వాటికి మంచి ఇల్లు వెతుకుతుంటారు. పెద్ద కుక్క మనకు అలవాటు కాదేమోనన్న భయం ఈ రెండు జాతుల విషయంలో అక్కరలేదు. ఇంటికి వచ్చిన మూడు వారాల నుంచి మూడు నెలల లోపు అవి కొత్త ఇంటివాళ్ళను తమవాళ్ళుగా చేసుకుంటాయి.

లాబ్రడార్‌ను తెచ్చుకుంటే మీరు అత్యంత జాగ్రత్తగా ఉండవలసింది తిండి దగ్గర. దానికి ఎప్పుడూ ఆకలే అనే మాట ఊరికే పుట్టలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు నాలుగో వంతు పెంపుడు లాబ్రడార్లలో పి.ఓ.ఎం.సి. అనే జన్యువులో ఒక చిన్న ముక్క లోపించి ఉంటుంది. కడుపు నిండిందన్న సమాచారం మెదడుకు అందడంలో ఆ జన్యువుది ముఖ్యమైన పాత్ర. అంధులకూ వికలాంగులకూ సాయపడేందుకు శిక్షణ పొందిన లాబ్రడార్లలో ఈ లోపం నాలుగింట మూడు వంతుల కుక్కల్లో కనిపించింది. తిండి కోసం ఏదైనా నేర్చుకునే గుణం వల్లనే అవి శిక్షణకు ఎంపికై ఉండవచ్చని పరిశోధకులు భావించారు. మీ అమ్మాయికి దీనివల్ల ఒక మేలు ఉంది: రోజువారీ తిండిలోంచే గుప్పెడు గింజలు తీసి పెట్టుకుని నేర్పితే లాబ్రడార్ చిన్న పిల్లల మాట కూడా వింటుంది. కీడు ఏమిటంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ప్రేమ అన్నం రూపంలోనే బయటికి వస్తుంది. పొద్దున ఇడ్లీ ముక్క, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్లు, రాత్రి అసలు తిండి. నలభై నాలుగు కిలోల ఆడ లాబ్రడార్‌ను నేను తూచాను, అది ఉండవలసిన బరువు ముప్ఫై లోపు. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ తాము కొంచెమే పెట్టామని చెప్పారు, ఎవరూ అబద్ధం చెప్పలేదు.

ఆ కొంచెం ఎంత విలువైనదో చెప్పే అధ్యయనం ఒకటి ఉంది. 48 లాబ్రడార్లను జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టి చూశారు. 2002లో వచ్చిన ఫలితాల్లో తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్ళు. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. ముప్ఫై కిలోల కుక్కకు రోజు మొత్తానికి 350 నుంచి 400 గ్రాముల డ్రై ఫుడ్ సరిపోతుంది, అదీ రెండు పూటలుగా. ఇంటి అన్నం ఏ కొంచెం పెట్టినా అంత మేర ఇది తగ్గించాలి. పక్కటెముకల మీద వేళ్ళు ఆడిస్తే, చూపుకు కనిపించకుండా స్పర్శకు ఒక్కొక్కటీ తెలియాలి. రోజు తిండిని పొద్దున్నే తూచి ఒక డబ్బాలో పోసి మీ అత్తగారికి అప్పగించండి. ఆవిడకు పెట్టాలనిపించినప్పుడల్లా ఆ డబ్బాలోంచే పెట్టనివ్వండి. పెట్టే తృప్తి ఆవిడకు మిగులుతుంది, కుక్క బరువు పెరగదు. ఉల్లిపాయలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ రెండు జాతులకూ విషమే. సంక్రాంతికి చేసే లడ్డూలో కిస్‌మిస్ ఉంటుందని చాలామందికి గుర్తుండదు.

మరొకటి, మామిడి టెంక. ప్రతి వేసవిలో కనీసం రెండు మూడు టెంకలు నేను కుక్కల పేగుల్లోంచి తీస్తాను, వాటిలో ఎక్కువ లాబ్రడార్లవే. గోల్డెన్ కూడా నోట పెట్టుకుంటుంది గాని, తరచుగా దాన్ని చప్పరించి తెచ్చి మన ముందు పెడుతుంది. లాబ్రడార్ మనం చూస్తున్నామని తెలియగానే మింగేస్తుంది. మూడు రోజులుగా వాంతులు, నీళ్ళు కూడా నిలవడం లేదు, పొట్ట నొక్కితే మూలుగుతోంది అంటే మే నెలలో నేను మొదట అడిగేది ఇంట్లో మామిడిపళ్ళు తిన్నారా అనే. రసాల టెంకకు ఉండే పీచు పేగు గోడకు పట్టేసి, కోసి తీసేటప్పటికి ఆ భాగం నల్లబడి ఉంటుంది. మూత ఉన్న చెత్తడబ్బా, అదీ కాలితో తొక్కితే తెరుచుకునేది కానిది, లాబ్రడార్ ఇంటికి ముందే కొనవలసిన వస్తువు.

జబ్బుల విషయం త్వరగా చెబుతాను. తుంటి కీలు, మోచేతి కీలు సరిగా కుదరకపోవడం రెండు జాతుల్లోనూ ఉంది. గోల్డెన్లలో క్యాన్సర్ బెడద చాలా ఎక్కువ. అమెరికాలో మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 3,000కు పైగా గోల్డెన్లను ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనాన్ని 2012లో మొదలుపెట్టింది కూడా ఆ కారణంగానే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తొందరపడి చేయించకూడదు: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకుల 2014 నాటి పోలికలో, ఆరు నెలల లోపు ఆపరేషన్ జరిగినవాటికి కీళ్ళ జబ్బులు లాబ్రడార్లలో సుమారు రెండింతలు, గోల్డెన్లలో నాలుగైదింతలు ఎక్కువగా కనిపించాయి. రెండు జాతులూ మామూలుగా పది పన్నెండేళ్ళు బతుకుతాయి.

గుణం విషయంలో జనం అనుకునేంత తేడా లేదు. గోల్డెన్ కొంచెం మెత్తన. ఇంట్లో ఎవరైనా గట్టిగా అరిస్తే ఆ అరుపు తన మీద కాకపోయినా మూలకు పోయి పడుకుంటుంది. లాబ్రడార్ మొరటుది, తిట్టినా రెండు నిమిషాల్లో తోక ఊపుతుంది. కాపలా రెంటికీ రాదు. లాబ్రడార్ మొరుగుతుంది, తలుపు తీశాక వచ్చినవాళ్ళ చెప్పు నోట పట్టుకుని లోపలికి తీసుకువస్తుంది. పోలీసు దళాల్లో లాబ్రడార్లు ఉంటాయి కదా అంటే, అవి అక్కడ ఉన్నది ఎక్కువగా పేలుడు పదార్థాలను వాసన పట్టడానికి. కాపలా కోసమే కుక్క కావాలంటే మీ వారు ఈ రెండు పేర్లనూ పక్కన పెట్టాలి.

గోల్డెన్ ఎవరికి చెప్తానంటే, పగలు ఇంట్లో చురుకైన పెద్దమనిషి ఒకరు ఉండి, ఆ మనిషికి దువ్వే పని ఇష్టమై, వేసవి మధ్యాహ్నాలు ఏసీ వేసే స్తోమత ఉన్న ఇంటికి. గొంతు ఎప్పుడూ పెరగని, ఒంటరిగా ఉండే ఒక రిటైర్డ్ టీచరు గారికి ఆరేళ్ళ కిందట నేనే గోల్డెన్ తెచ్చుకోమన్నాను. ఆవిడ ఉదయం కాఫీ తాగుతూ దువ్వుతారు. ఆ కుక్క ఒంటిమీద ఇంతవరకు ఒక్క అట్ట చూడలేదు.

ఇక ఎంచుకునే పద్ధతి. ప్రకటనల్లో "హెవీ బోన్", "పంచ్ ఫేస్" అన్న మాటలు కనిపిస్తే అక్కడి నుంచి తెచ్చుకోకండి. లావు కాళ్ళు, పొట్టి మూతి ఈ జాతులకు అందం కాదు, కీళ్ళకూ శ్వాసకూ భారం. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే కాగితం కుక్క వంశాన్ని చెబుతుంది, తుంటి ఆరోగ్యాన్ని చెప్పదు. పెంచినవాళ్ళు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు చూపగలిగితే మేలు, లేకపోతే మీరు తీసుకోబోయే కుక్కకే తీయించండి. పెద్ద వయసు కుక్కను తెచ్చుకోవడంలో ఇదొక లాభం, రెండేళ్ళకు కీళ్ళ రూపం తెలిసిపోతుంది. ఒకవేళ పిల్లనే కావాలనుకుంటే, 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ముప్ఫై రోజుల పిల్లను సంచిలో పెట్టి ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు; తల్లికుక్కను చూపించనివారి దగ్గర కొనకండి.

పెద్ద కుక్కను చూడటానికి వెళ్ళినప్పుడు మీ అత్తగారిని తప్పక వెంట తీసుకువెళ్ళండి. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉండగా కుక్కను లోపలికి వదలమనండి: వాసన చూసి పక్కన కూర్చుంటుందా, ఒళ్ళోకి ఎక్కుతుందా? తింటున్నప్పుడు మీ వారు గిన్నె దగ్గరగా నడిస్తే గుర్రుమంటుందా, తోక ఊపుతుందా? గొలుసు మీ చేతికి తీసుకుని వీధిలో వంద అడుగులు నడిపించండి. పడుకున్నది లేచేటప్పుడు వెనక కాళ్ళు ఎలా పెడుతోందో గమనించండి. ఒక్కసారి చూసి నిర్ణయించకుండా, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు వెళ్ళండి. నచ్చితే రక్తపరీక్ష, టిక్ ఫీవర్ పరీక్ష చేయించి, టీకాల పుస్తకం చేతికి వచ్చాకే ఇంటికి తీసుకురండి. ఎలుకల మూత్రం కలిసిన వాననీటి వల్ల లెప్టోస్పైరా అనే బాక్టీరియా సోకే ప్రాంతం మనది, దాని టీకా పుస్తకంలో ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి.

మే నెలలో మాత్రం వద్దు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు అన్న బెదురుకు ఆ ఎండ తోడైతే ఏ కుక్కైనా నలిగిపోతుంది, నడక వేళలు కూడా అలవాటు కావు. పుట్టినరోజుకు మీ అమ్మాయికి ఒక మెడపట్టీ, ఒక దువ్వెన కొనివ్వండి. దసరా వెళ్ళాక, వానలు వెనకపట్టి గాలి చల్లబడ్డాక, మీరిద్దరూ వరుసగా ఐదారు రోజులు సెలవు పెట్టగలిగిన వారంలో కుక్కను తెచ్చుకోండి. ఆలోగా టైల్స్ మీద పరవడానికి రబ్బరు అడుగు ఉన్న పట్టాలు, వంటింటి గుమ్మానికి అడ్డంగా పెట్టే చిన్న గేటు సిద్ధం చేసుకోండి. ఆ గేటు గడియ మీ అత్తగారు వంగకుండా నిలబడి తీయగలిగేంత ఎత్తులో ఉండాలి.